రాత్రి డ్యూటీ కొసరు కాదు

రాత్రి తొమ్మిది దాటాక తీసిన స్కానుకు ఎమర్జెన్సీ చార్జీ పేరుతో కొంత అదనంగా వసూలు చేసే ఆసుపత్రులు మన ఊళ్లలో తక్కువేమీ లేవు. ఆ అదనం పేషంటు బిల్లులో కనబడుతుంది. ఆ స్కాను చదివి రిపోర్టు రాసిన రేడియాలజిస్టు జీతంలో మాత్రం ఎక్కడా కనబడదు. అడిగితే వచ్చే జవాబు మా వృత్తిలో అందరికీ కంఠతా వచ్చు: "మీది కన్సల్టెంట్ పోస్టు కదా మేడం, ఆన్ కాల్ అందులో కలిసే ఉంటుంది." ఆన్ కాల్ అంటే వేళకాని వేళ పిలిచినా పలకడం. కూరగాయల బేరం ముగిశాక గుప్పెడు పచ్చిమిరపకాయలు కొసరు వేయించుకున్నట్టు, పగటి ఉద్యోగం మాట్లాడుకునేటప్పుడే రాత్రిని కూడా సంచీలో వేయించుకుంటారు.

రాత్రి రిపోర్టింగు దానికదే ఒక ఉద్యోగం అన్నది నా వాదన. దానికి వేరే మనిషి కావాలి, వేరే పని గంటలు కావాలి, మర్నాడు పగలు నిద్రపోయే హక్కు కావాలి. ఇది డాక్టర్ల సుఖం కోసం చేస్తున్న డిమాండు అనుకునేవాళ్లు కాస్త ఓపిక పట్టి చదవండి. రాత్రి రెండింటికి బల్ల మీద పడుకునేది మేము కాదు, మీరో మీవాళ్లో.

ముందు సాయంత్రం సంగతి. నైట్ డ్యూటీ గురించి మాట్లాడేవాళ్లు ఉన్నారు గానీ, సాయంత్రం షిఫ్టును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మన ఊళ్లలో స్పెషలిస్టు డాక్టర్ల ఓపీ అసలు ఊపందుకునేదే సాయంత్రం ఐదు తర్వాత. పగలు ఆపరేషన్లూ రౌండ్లూ ముగించుకుని అప్పుడు కూర్చుంటారు. వాళ్లు రాసిన స్కాన్లన్నీ ఆరు నుంచి తొమ్మిదిన్నర మధ్య మా మీద పడతాయి. పల్లెల నుంచి వచ్చినవాళ్లకు ఆఖరి బస్సు అందాలి, రిపోర్టు చేతికిస్తేనే డాక్టరు మళ్లీ చూస్తాడు, చూస్తేనే వాళ్లు కదులుతారు. అదే సమయంలో ఇన్సూరెన్సు డెస్కు నుంచి కబురు: రిపోర్టు అప్‌లోడ్ చేస్తే తప్ప అనుమతి రాదు. పగలు ముగ్గురు రేడియాలజిస్టులు పంచుకునే పని సాయంత్రం ఒక్కరి నెత్తిన ఉంటుంది. ఎందుకంటే డ్యూటీ చార్టు వేసేవాళ్ల లెక్కలో సాయంత్రం అంటే పని తగ్గే వేళ. ఆఫీసులకు అది నిజమే కావచ్చు. సాయంత్రం షిఫ్టు చేసేవాళ్లు పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు బయల్దేరి, వాళ్లు నిద్రపోయాక ఇల్లు చేరతారు. బయల్దేరే ముందు నైట్ డాక్టరుకు అప్పగించేది ఖాళీ తెర కాదు, ఇంకా చదవని కేసుల చిట్టా.

ఇక రాత్రి. రీడింగు గది ఎలా ఉంటుందో బయటివాళ్లకు తెలిసే అవకాశం లేదు కాబట్టి చెబుతాను. కిటికీ ఉండదు, ఉన్నా నల్ల కాగితం అంటించి ఉంటుంది. ఏసీ యంత్రాల కోసం పెట్టింది, మనుషుల కోసం కాదు. మే నెల విజయవాడలో కూడా లోపల శాలువా కప్పుకుని కూర్చుంటాం. తెరల వెలుగు తప్ప వేరే వెలుగు ఉండదు, ఎందుకంటే గది వెలుతురు పెరిగితే బూడిద రంగులో ఉండే సన్నని తేడాలు కంటికి ఆనవు. మనిషిని నిద్రపుచ్చడానికి ఏమేం కావాలో అన్నీ అమర్చి, ఇక నిద్రపోకుండా పని చేయమంటారు.

ఒక్క కేసు దగ్గర నాతో కూర్చోండి. హైవే మీద ఆగి ఉన్న లారీని కారు గుద్దింది, 108లో తెచ్చారు. తల నుంచి తుంటి దాకా సీటీ. పలుచని పొరలుగా వచ్చే బొమ్మలు వెయ్యి దాటతాయి. ముందు మెదడు. పుర్రె లోపలి అంచు వెంట దారప్పోగంత తెల్లటి గీత ఉందా అని చూడాలి, ఉంటే అది రక్తం కావచ్చు. తర్వాత విండో, అంటే తెర మీద వెలుగునీడల అమరిక, మార్చి పుర్రె ఎముకలు. తర్వాత మెడ పూసలు, ఒక్కొక్కటి. తర్వాత ఛాతీ: ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా, పక్కటెముకలు ఎన్ని విరిగాయి. అక్కడి నుంచి కాలేయం. కాలేయం సగంలో ఉండగా ఫోను. న్యూరోసర్జన్: "తలలో ఏమైనా ఉందా, థియేటరు రెడీ చేయించమంటారా?" చెప్పి పెట్టేలోపు టెక్నీషియన్ తలుపు తోసుకుని వస్తాడు: "మేడం, రెండో పేషంటుకు క్రియాటినిన్ 1.9 వచ్చింది. కాంట్రాస్ట్ ఇద్దామా, ప్లేన్ తీసి ఆపేద్దామా?" క్రియాటినిన్ అంత ఉన్నప్పుడు కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తే కిడ్నీలు దెబ్బతినే భయం ఒకవైపు, ఆ మందు లేకుండా తేలని, పేగుకు రక్తం ఆగిందేమోనన్న అనుమానం ఇంకోవైపు. క్యాజువాల్టీ డాక్టరుతో మాట్లాడి ఏదో ఒకటి తేల్చి మళ్లీ తెర వైపు తిరిగేసరికి, చెయ్యి అలవాటుగా మౌసు చక్రం తిప్పుకుంటూ ప్లీహం దగ్గరికి వెళ్లిపోయి ఉంటుంది. కాలేయం మిగతా సగం చూశానా? తెలియదు. మళ్లీ పై నుంచి మొదలుపెట్టాలి. రాత్రి పదింటికి ఎవరైనా మొదలుపెడతారు. తెల్లవారుజామున నాలుగింటికి, ముందురోజు ఉదయం తొమ్మిది నుంచి అదే కుర్చీలో ఉన్న మనిషి, ఇంకా ఎనిమిది కేసులు వరసలో కనబడుతుంటే, ఎన్నిసార్లు మళ్లీ మొదలుపెడతారు?

ఇందులో ఇంకో ఉచ్చు కూడా ఉంది. పెద్ద గాయం ఒకటి దొరకగానే మెదడు వెతకడం మానేస్తుంది. పగిలిన ప్లీహం కనబడిన సంతృప్తిలో పక్కనే ఉన్న క్లోమం గాయం తప్పిపోతుంది. అలసట పెరిగే కొద్దీ ఆ సంతృప్తి తొందరగా వస్తుంది. ఇక కుడి, ఎడమ తారుమారు కావడం. బొమ్మలో సరిగ్గానే చూసి రిపోర్టులో తప్పు రాయడం అనేది రాత్రి చివరి జాములో ఏ మాత్రం అరుదు కాదు. అందుకే చాలామంది సర్జన్లు రాత్రి రిపోర్టు చేతిలో ఉన్నా ఫిల్ము తామే ఇంకోసారి పట్టి చూస్తారు. మంచి అలవాటే. కానీ ఆ అలవాటును నమ్ముకుని డ్యూటీ చార్టు వేయకూడదు.

ఇవి నా ఒక్కదాని గొణుగుళ్లు కావు. 2018లో ‘రేడియాలజీ’ పత్రికలో 29 లక్షల పరీక్షల రిపోర్టులను వెనక్కి తిరిగి చూసిన అమెరికా అధ్యయనం ఒకటి వచ్చింది. పెద్ద తప్పులు దొర్లినవి ఎక్కువ గంటలు సాగిన షిఫ్టుల్లోనూ, ఎక్కువ కేసులు చదివిన రోజుల్లోనూ. 2020లో అదే పత్రికలో శరీర భాగాల సీటీల మీద ఇంకో అధ్యయనం: చెప్పుకోదగ్గ తప్పులు పగటి రిపోర్టుల్లో నూటికి 2 ఉంటే, రాత్రి రిపోర్టుల్లో 3. అది కూడా రాత్రి రెండో సగంలో ఎక్కువ. వందకు ఒకటి పెరగడం చిన్నదిగా అనిపిస్తుంది. ఏడాది పొడవునా ఒక ఊళ్లో రాత్రిపూట తీసే సీటీలన్నిటికీ ఆ లెక్క కట్టి చూడండి. పైగా ఈ రెండో అధ్యయనంలోని డాక్టర్లు రాత్రి డ్యూటీ ఉన్నప్పుడు రాత్రి మాత్రమే పనిచేసేవాళ్లు. పగలంతా అల్ట్రాసౌండ్లు చేసి, సాయంత్రం ఓపీ స్కాన్లు చదివి, అదే మనిషి రాత్రికీ కొనసాగితే ఎంత అవుతుందో కొలిచే ఓపిక మన దగ్గర ఎవరికుంది?

శరీరం మాటా చెప్పుకోవాలి. నిద్ర గడియారాన్ని తలకిందులు చేసే రాత్రి షిఫ్టు పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో క్యాన్సర్ కారకం కావచ్చునన్న 2ఎ వర్గంలో చేర్చింది, 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది. మా విభాగంలో ప్రతి ఒక్కరి కోటుకూ రేడియేషన్ కొలిచే బ్యాడ్జి వేలాడుతుంది. మూడు నెలలకోసారి దాన్ని పంపి ఎంత పడిందో తెప్పిస్తారు. సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదని అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన. దాటితే సంజాయిషీ అడుగుతారు. నిజానికి రిపోర్టింగు గదిలో కూర్చునే మాకు పడే రేడియేషన్ ఆ పరిమితికి చాలా దూరంలోనే ఉంటుంది. రాత్రుల లెక్కకే పరిమితి లేదు, బ్యాడ్జి లేదు, సంజాయిషీ అడిగేవాళ్లూ లేరు.

పరిమితి అసలు రాయలేదా అంటే, రాశారు. 1992లో కేంద్ర ఆరోగ్య శాఖ రెసిడెంట్ డాక్టర్లకు ఏకధాటి డ్యూటీ మామూలుగా 12 గంటలు మించకూడదని, వారానికి 48 గంటలని ఆదేశమిచ్చింది. ఆ తర్వాత పుట్టిన పిల్లలు ఇప్పుడు ప్రొఫెసర్లు కాబోతున్నారు. 36 గంటల డ్యూటీలు ఇంకా అలాగే ఉన్నాయి. 2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం వారానికి 74 గంటలు దాటొద్దని సిఫారసు చేసింది. అంటే ముప్పై ఏళ్లలో మనం 48 నుంచి 74కు ఎదిగాం! ఇవన్నీ పీజీలకూ రెసిడెంట్లకూ సంబంధించినవే. చదువు ముగించి ప్రైవేటు ఆసుపత్రిలో కన్సల్టెంటుగా చేరినవాళ్లకు ఆ కాగితం కూడా లేదు. ఇందాకటి ప్రమాదంలో ఆగి ఉన్న లారీ డ్రైవరుకు 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకు 8 గంటలని, వారానికి 48 అని చెప్పింది. అమలు సంగతి ఆ దేవుడికెరుక, కనీసం చట్టమంటూ ఉంది. ఆ ప్రమాదంలో దెబ్బలు తిన్నవాళ్ల స్కాను చదివే మనిషి ఎన్ని గంటలుగా మేల్కొని ఉండవచ్చో ఏ చట్టమూ చెప్పదు. అదే రిపోర్టులో తప్పు దొర్లితే మాత్రం చట్టం వెంటనే నిద్రలేస్తుంది. 1995లో శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. ఉదయం పదకొండింటికి పెట్టిన సంతకానికీ, తెల్లవారుజామున నాలుగింటికి పెట్టిన సంతకానికీ బాధ్యత సమానమే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా విచిత్రంగా తోచే సంగతి చెబుతాను. రాత్రి రేడియాలజీ సమస్యకు పరిష్కారం కనిపెట్టిన దేశాల్లో మనది ముందు వరసలో ఉంది. కాకపోతే కనిపెట్టింది అమెరికా కోసం. 2001లో అమెరికాలోని ఐడహోలో మొదలైన నైట్‌హాక్ అనే సంస్థ సిడ్నీలో డాక్టర్లను కూర్చోబెట్టి అమెరికా రాత్రులను అక్కడి పగటి వెలుతురులో చదివించింది. 2002లో బెంగళూరులో టెలీరేడియాలజీ సొల్యూషన్స్ మొదలైంది. శీతాకాలంలో న్యూయార్కులో రాత్రి పదకొండయితే మనకు మర్నాడు ఉదయం తొమ్మిదిన్నర. టిఫిను తిని, కాఫీ తాగి, తేరుకున్న కళ్లతో అమెరికా రాత్రిని చదవవచ్చు. దేశం బయట చేసిన పనికి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ డబ్బు చెల్లించదు కాబట్టి ఇక్కడి నుంచి వెళ్లేది చాలావరకు ప్రాథమిక రిపోర్టు, తుది రిపోర్టు మర్నాడు అక్కడివాళ్లే ఇస్తారు. అయినా అందులోని తెలివి గమనించండి: రాత్రి చదవాల్సినదాన్ని అలసిన మనిషితో చదివించకూడదని ఒప్పుకోవడం. మా బ్యాచ్‌మేటు ఒకతను టెక్సస్‌లో రాత్రి రేడియాలజిస్టు. వరసగా ఏడు రాత్రులు చేస్తాడు, తర్వాత పద్నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు, పూర్తి జీతం. అక్కడ ఇది అరుదైన ఏర్పాటేమీ కాదు. నా డ్యూటీ చార్టు వివరిస్తే అతను జోకు అనుకున్నాడు.

అమెరికా రాత్రికి మన పగలు ఇచ్చాం. మరి మాచర్ల రాత్రికి ఎవరి పగలు?

మన చిన్న పట్టణాల రాత్రులూ ఇప్పుడు ఇంటర్నెట్ మీదే నడుస్తున్నాయి. సీటీ యంత్రం ఉంటుంది, టెక్నీషియన్ ఉంటాడు, రేడియాలజిస్టు ఉండడు. బొమ్మలు హైదరాబాదుకో బెంగళూరుకో వెళతాయి, గంటలోపు రిపోర్టు తిరిగొస్తుంది. పక్షవాతం కేసుల్లో ఇది నిజంగా ప్రాణాలు నిలబెడుతోంది. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షనుకు గడువు నాలుగున్నర గంటలే, మెదడులో రక్తస్రావం లేదని సీటీ చూసి ఎవరో ఒకరు చెబితే తప్ప ఇవ్వలేరు. కాబట్టి టెలీరేడియాలజీని తిట్టే ఉద్దేశం నాకు లేదు. నా తగాదా అది డబ్బు చెల్లించే పద్ధతితో. స్కానుకింత అని లెక్క. ఎక్స్‌రేకు పదుల్లో, సీటీకి వందల్లో. ఇంటి దగ్గర కూర్చుని ఎన్ని చదివితే అంత. పగలు ఒక ఆసుపత్రిలో పూర్తి ఉద్యోగం చేసిన మనిషి రాత్రి ఎనిమిదికి ఇంట్లో ఇంకో తెర ముందు కూర్చుంటాడు, కొత్తగా ఇల్లు కొన్నవాడైతే ఒంటిగంట దాకా. చదివిన వేగమే సంపాదన అయినప్పుడు, కాలేయం మళ్లీ మొదటి నుంచి చూడటం అంటే జేబులోంచి డబ్బు తీసి పక్కన పెట్టడమే. పైగా పేషంటు వివరాల గడిలో వచ్చేది ఒక్క ముక్క: నొప్పి. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, ఏ ఆపరేషన్ అయింది అని అడగడానికి అవతలి ఫోను ఎవరూ ఎత్తరు. ఇదంతా ఎవరూ బలవంతం చేయలేదు కదా, ఇష్టపడే చేస్తున్నారు కదా అంటారు. నిజమే. నిద్రమత్తులో స్టీరింగు పట్టే ప్రైవేటు ట్రావెల్స్ డ్రైవరు కూడా ఇష్టపడే ఎక్కుతాడు. వెనక సీట్లలో ఉన్నవాళ్లను ఎవరూ అడగరు, అంతే.

ఇంటర్నెట్‌లో పంపలేనిది అల్ట్రాసౌండ్. ప్రోబు పట్టుకునే చెయ్యి అక్కడే ఉండాలి. పదమూడేళ్ల కుర్రాడికి అర్ధరాత్రి వృషణంలో విపరీతమైన నొప్పి. మెలిక పడిందా, వట్టి ఇన్‌ఫెక్షనా అన్నది డాప్లర్‌లో రక్తప్రవాహం చూసి తేల్చాలి. మెలికయితే ఆరు గంటల్లోపు విప్పకపోతే ఆ వృషణం మీద ఆశ తగ్గుతూ పోతుంది. ఇలాంటిదానికి ఇంటి నుంచి ఆన్ కాల్ రేడియాలజిస్టు రావలసిందే. వస్తాం. ఒంటిగంటకు స్కూటరు తీసి, కుక్కలను తప్పించుకుంటూ. పని ఇరవై నిమిషాలే, కానీ ఆ ఇరవై నిమిషాలు రాత్రిని రెండు ముక్కలు చేస్తాయి. పొద్దున్నే తొమ్మిదికి మళ్లీ హాజరు. గర్భిణి వస్తే స్కానుతో పాటు లింగనిర్ధారణ నిరోధక చట్టం కింద ఫారం ఎఫ్ కూడా నింపాలి. గర్భం ట్యూబులో పగిలి బీపీ పడిపోతున్న మనిషి బల్ల మీద ఉన్నా సరే. ఆ చట్టం అవసరాన్ని నేను ప్రశ్నించను, ఆడపిల్లల లెక్క చూసినవాళ్లెవరూ ప్రశ్నించలేరు. కానీ అర్ధరాత్రి ఫారంలో ఒక గడి ఖాళీగా వదిలితే అది కూడా నేరం కిందికే రావచ్చని 2019లో సుప్రీంకోర్టు సమర్థించాక, రాత్రిపూట ఆ కాగితం చూసుకోవడానికి ఒక మనిషిని ఇవ్వడం ఆసుపత్రి కనీస ధర్మం.

నేను మాట్లాడిన అడ్మినిస్ట్రేటర్లు చెప్పే మొదటి అభ్యంతరం ఇది. "రాత్రికి ఏడెనిమిది స్కాన్లు కూడా రావు మేడం, వాటికోసం మనిషిని పెడితే గిట్టదు." వంద పడకల ఆసుపత్రికి ఆ లెక్క తప్పేమీ కాదు. అందుకే ఒక్కొక్కరు కాకుండా ఒకే ఊళ్లోని ఆసుపత్రులు కలవాలి. నాలుగు ఆసుపత్రుల రాత్రి సీటీలు కలిపితే ఒక మనిషికి నిండు పని, నిండు జీతం. సర్వర్లు కలపడం ఇప్పుడు పెద్ద విద్య కాదు. అల్ట్రాసౌండ్ దగ్గర చిక్కు వస్తుంది: లింగనిర్ధారణ నిరోధక నిబంధనల 2012 సవరణ ప్రకారం ఒక డాక్టరు ఒక జిల్లాలో రెండు కేంద్రాల్లోనే స్కానింగు చేయాలి. అయితే జత జతగా కలవండి. పోటీ ఆసుపత్రితో కలవడమా అని ముఖం చిట్లిస్తారు. బయోమెడికల్ వ్యర్థాలు తీసుకెళ్లే బండి అందరికీ ఒకటే కదా, అక్కడ లేని పౌరుషం ఇక్కడెందుకు?

రెండో అభ్యంతరం ఈ మధ్యే మొదలైంది: ఇంకెంతకాలం, కృత్రిమ మేధ వచ్చేస్తోంది. కృత్రిమ మేధ పరిశోధనలో పేరుమోసిన జెఫ్రీ హింటన్ అంతటివాడు 2016లోనే రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఆపేయాలన్నాడు. అప్పటినుంచి మా చిట్టా పెరగడమే తప్ప తరగలేదు. నేను ఆ సాఫ్ట్‌వేరు వాడతాను, మెదడులో రక్తం ఉన్న కేసును వరసలో పైకి తెస్తుంది, మేలే. కానీ అది కేసుల క్రమం మార్చింది, సంఖ్య తగ్గించలేదు. అది వచ్చిన ఆసుపత్రుల్లో యాజమాన్యం మొదట చేసిన పని గంటకు చదవాల్సిన కేసుల లక్ష్యం పెంచడం.

డబ్బు పెద్దగా అవసరం లేనివీ కొన్ని ఉన్నాయి. రాత్రి రెండో సగంలో తప్పులు పెరుగుతాయని తెలిసినప్పుడు రాత్రిని రెండింటి దగ్గర విడగొట్టి ఇద్దరికి ఇవ్వవచ్చు. ఫోన్లన్నీ ముందు ఒక డ్యూటీ అసిస్టెంటు ఎత్తి, నిజంగా అవసరమైనవే లోపలికి ఇవ్వవచ్చు. కాలేయం మధ్యలో మోగేది అప్పుడు సగానికి తగ్గుతుంది. గడియ ఉన్న ఒక గది, ఒక మంచం. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్.జి.కర్ వైద్య కళాశాలలో హత్యాచారానికి గురైన ఆ పీజీ డాక్టరు విశ్రాంతి కోసం వెళ్లింది సెమినార్ హాలుకు. సుప్రీంకోర్టు వేసిన జాతీయ కార్యదళం పరిశీలించాల్సిన వాటిలో విశ్రాంతి గదులు కూడా ఉన్నాయి. ఆ వార్తలు చల్లారాక మా ఊరి ఆసుపత్రుల్లో ఎన్నిటిలో ఆడడాక్టర్లకు గడియ పడే గది వచ్చిందో చూడాలనుకునేవాళ్లు ఒక రాత్రి వచ్చి చూడవచ్చు.

ఇప్పుడు పీజీ ముగించి ఉద్యోగాలకు వెళుతున్న పిల్లలు జీతం ఎంత అడగాలని నన్ను అడుగుతుంటారు. జీతం సరే, ఒప్పందంలో ఆన్ కాల్ అనే మాట పక్కన నెలకు ఎన్ని రాత్రులో అంకె రాయించుకోండి. పిలిచిన ప్రతిసారీ ఎంతో రాయించుకోండి. అర్ధరాత్రి దాటాక పిలిస్తే మర్నాడు మధ్యాహ్నం దాకా రానక్కర్లేదని రాయించుకోండి. ఈ మధ్య ఒక అమ్మాయి ఈ మూడూ అడిగితే మొదటి ఆసుపత్రి కుదరదంది, రెండోది మొదటి రెంటికీ ఒప్పుకుని మూడోదాని దగ్గర ఆగింది. బేరం ఇంకా నడుస్తోంది.